టేపులో రాజమండ్రి కరెంటు

న్యూజెర్సీలో నేను పనిచేసే షాపులో రోజంతా పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడమే పని. ఎడిసన్ దగ్గరే కాబట్టి మనవాళ్లు బాగానే వస్తారు, ఊరెళ్లినప్పుడు అటక మీద దొరికిన క్యాసెట్లు పట్టుకుని. పెళ్లిళ్లు, భజనలు, గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన టేపులు, ఇలా ఏవైనా ఉంటాయి.

మా దగ్గర కుర్రాళ్లు ఫైలు తెరవగానే నాయిజ్ రిడక్షన్ కొట్టేస్తారు. నాకది నచ్చదు. ముందు స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫు, చూడాలి, ఎందుకంటే వాళ్లు తుడిచేసే కరెంటు హమ్‌లోనే (కరెంటు వల్ల రికార్డింగులోకి చేరే గుయ్‌మనే శబ్దం) టేపు జాతకం ఉంటుంది.

ఈమధ్య ఒక అంకుల్ 90ల్లో రాజమండ్రిలో రికార్డు చేసిన పద్యాల క్యాసెట్ తెచ్చారు. కాసేపు విని, "మా నాన్నగారి గొంతు ఇంత సన్నగా ఉండేది కాదు బాబూ, ఎవరో కుర్రాడు చదివినట్టుంది" అన్నారు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పద్యానికీ పద్యానికీ మధ్య ఖాళీ ఉన్న ముక్క సెలెక్ట్ చేసి ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచాను. ఇక్కడ సైజు, అంటే ఒక్కో లెక్కకి ఎన్ని శాంపిల్స్ తీసుకోవాలన్నది, ముఖ్యం. సెకనుకి 44,100 శాంపిల్ రేటు మీద 2048 పెడితే గ్రాఫులో ఒక్కో గడి దాదాపు 21.5 హెర్ట్జ్, 50కీ (ఇండియా కరెంటు) 60కీ (అమెరికా కరెంటు) తేడా తెలియదు, అంతా ఒకటే గుట్ట. 65536 పెడితే గడి 0.7 లోపుకి వస్తుంది.

అప్పుడు రెండు శిఖరాలు విడివిడిగా కనబడ్డాయి. ఒకటి 60 దగ్గర, అది మా షాపు కరెంటు, ప్లేయర్ నుంచి వచ్చింది. రెండోది 52, దాని వెనకే దాని రెట్లు 104, 156. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కదా, అంటే టేపు నాలుగు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. రికార్డు చేసిన రోజు మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. బ్యాటరీలతో రికార్డు చేసి ఉంటే ఈ హమ్మే ఉండేది కాదు, నేనూ చేతులెత్తేసేవాణ్ణి.

ముందు 60, దాని రెట్టింపు 120, రెంటినీ నాచ్ ఫిల్టర్‌తో (ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసేది) తీసేయాలి, స్పీడు మార్చాక తీద్దామంటే అవి చోటు మారిపోతాయి. తర్వాత 50/52 లెక్కన స్పీడు 3.85 శాతం తగ్గించాను. టెంపో కాదు, స్పీడే, టెంపో మారిస్తే గొంతు అలాగే ఉండిపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. 90ల్లో దక్షిణాది గ్రిడ్ 50 మీద నిలిచేది కాదు, 48 దాకా జారిన రోజులుండేవి, 2003లో కొత్త టారిఫ్ విధానం వచ్చాకే దారిలో పడింది. సాయంత్రం బల్బులు మసకబారే వేళ రికార్డు చేశారేమోనని 50 బదులు 48.5 లెక్కన, దాదాపు ఏడు శాతం తగ్గించి, రెండో ఫైలు కూడా చేశాను. అంకుల్ మొదటిది విని తల అడ్డంగా ఊపారు, రెండోదానికి "ఆఁ, ఇదీ" అన్నారు.

ఒక్క క్యాసెట్‌కి ఇంతసేపేమిటని మేనేజర్ సణిగాడు గానీ, బిల్లులో స్పీడ్ కరెక్షన్ అని ఒక లైను చేర్చడం మాత్రం మర్చిపోలేదు.