జంపఖానా సంచి: కుట్టు దాటుడు ఎక్కడిదో దొరికింది!

పదకొండు రోజుల సంది నన్ను సతాయిస్తున్న తప్పు రాత్రి పట్టుకున్న. పాత నల్ల కుట్టు మిషనే, కొత్తది కొనలే.

వరంగల్ కొత్తవాడ జంపఖానాతో భుజం సంచులు కుడుతున్న. మొదటి రెండు మంచిగ వచ్చినయి. మూడోదానికి ఇత్తడి జిప్పు వేస్తుంటే సూది పోయి దాని పంటికి తగిలి టక్కున విరిగింది. కొత్త సూది పెట్టిన్నుంచి కుట్లు దాటుడు మొదలు. పైన ఒక కుట్టు రెండు కుట్లంత పొడుగు సాగుతది, కింద బాబిన్ దారం తీగ లెక్క సీదా పడుకుంటది.

లెక్క రాసుకున్న. కుట్టు 3.5 మి.మీ., 30 సెం.మీ. గీత, అంటే సుమారు 85 కుట్లు. 14 నంబర్ సూదితో 7 దాటినయి, 16తో 5, 18తో 6. సూదులు ఆర్గాన్ కంపెనీవే, నాకు వాటి మీదే నమ్మకం. విడిగా అమ్మే పేరు లేని సూదులు ఇగ ముట్ట. పెద్ద మిషన్లకు వేసే డీబీ రకం సూది కలిసిందేమో అని కూడా చూసిన, కాదు. దారం మార్చిన. షటిల్ (కింద ఉండి, తన కొనతో పై దారం లూప్‌ను అందుకునే భాగం) తీసి దూది తుడిచిన, నూనె వేసిన. బట్టను అదిమిపట్టే ఫుట్ మీది ఒత్తిడి స్క్రూ రెండు చుట్లు బిగించిన. 5 కంటే తగ్గలే.

నేను ఎవరిని అడిగినా టెన్షన్, అంటే దారం బిగువు, తిప్పి చూడమన్నరు. నేను ఒప్పుకోను. టెన్షన్ తప్పితే ముడి పైకో కిందికో వస్తది గని కుట్టు పడ్తది. దాటిందంటే షటిల్ కొన దారం లూప్‌ను అందుకోలేదన్నట్టే.

అందుకే ఎడమ పక్క మూత ఇప్పి, సూదిని అడుగు దాకా దించి, చక్రం తిప్పుకుంటూ మెల్లగ 2.4 మి.మీ. లేపిన. షటిల్ కొన అప్పుడు సూది వెనుక, కన్ను పై అంచుకు మిల్లీమీటరున్నర మీద ఉండాలె. నాది అర మిల్లీమీటరు కూడా లేదు! టార్చ్ వేసి చూస్తే సూది బార్ (సూదిని పట్టుకొని మీదికి కిందికి ఆడే కడ్డీ) మీద, దాన్ని బిగించి పట్టే క్లాంప్ పై అంచుకు ఒక మిల్లీమీటరు ఎత్తున, ఎండిన నూనె గీత గోధుమ రంగుల కనబడ్డది. క్లాంప్ ఇంతకుముందు పట్టుకున్న చోటు అదే. జిప్పుకు తగిలిన దెబ్బకు బార్ పైకి జారింది. బార్ తిరిగిపోకుండ పట్టుకొని స్క్రూ వదులు చేసి, ఆ గీత క్లాంప్ అంచుకు వచ్చేదాకా దించి బిగించిన.

30 సెం.మీ.ల సున్నా. మళ్ళ కుట్టిన, సున్నా!

నవారు పట్టీ కలిసే కాడ, నాలుగు మడతల దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రం ఇంకా రెండు దాటుతున్నయి. అక్కడ ఫుట్ ముక్కు పైకి లేస్తది, బట్ట సూదితో పాటే లేస్తది, లూప్ పడ్తలేదని నా అనుమానం. ఫుట్ వెనుక జంపఖానా ముక్క మడిచి పెడితే ఒకటికి తగ్గింది. చేత్తో చక్రం తిప్పినా ఆ ఒకటి పోతలే.

ఆదివారం దిబ్బను చెక్క సుత్తితో కొట్టి పలచన చేస్త. నవారు కొసలు మెట్లు మెట్లుగ కత్తిరించి కూడా చూడాలె. ఇత్తడి జిప్పు ఇగ వద్దు, నైలాన్‌దే వేస్త. లోపలి లైనింగ్‌కు సిరిసిల్ల పాలియెస్టర్ తెచ్చి పెట్టిన, దానికి 11 నంబర్ సూది కావాలె.