లెదర్ సీట్ల నిగనిగ వదిలించాను: నా అనుభవం

మా కారు సీట్ల అసలు రంగు చూడాలంటే హెడ్‌రెస్ట్‌ను పైకి లాగి దాని కింద చూడాలి. అక్కడ వేలెడంత మేర లేత గోధుమ రంగు, కొత్తదానిలా ఉంది. మిగతా సీటంతా మట్టిరంగుకు తిరిగింది. కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. అమ్మినాయన డ్రైవర్ సీటును అరచేత్తో తట్టి, "ఇన్నేళ్లయినా ఎలా నిగనిగలాడుతోందో చూడండి" అని మురిసిపోయాడు. నాకేమో ఆ నిగనిగే అనుమానం కలిగించింది. ఎందుకంటే పక్క సీటులో అంత మెరుపు లేదు, ఎవరూ పెద్దగా కూర్చోని వెనక సీటులో అసలే లేదు. మనిషి ఎక్కువగా ఆనిన చోటే మెరుపు ఎక్కువగా ఉందంటే అది లెదర్ గొప్పతనం అయ్యుండదు కదా.

కార్లలో వాడే లెదర్‌ చాలామటుకు ఫ్యాక్టరీ నుంచి మెరుపు లేకుండానే వస్తుంది. ఒంటి జిడ్డు, చెమట, దుమ్ము, ఎవరో ఎప్పుడో రాసిన పాలిష్ ఒకదానిమీద ఒకటి పేరుకుంటే నూనె కాగితానికి వచ్చే మెరుపు వస్తుంది. వేలితో రుద్దితే కాస్త అంటుకున్నట్టు ఉంటుంది. మా డ్రైవర్ సీటు సరిగ్గా అలాగే ఉంది.

శుభ్రం చేయాలనుకుంటున్నానని ఇంట్లో అనగానే సలహాలు మొదలయ్యాయి. "దానికింత హడావిడి ఎందుకురా? నాలుగు చుక్కలు నూనె వేసి తుడిచెయ్యి, తళతళలాడతాయి" అన్నాడు అన్నయ్య. "నూనె లోపలికి ఇంకాలంటే దారి ఉండాలి కదా అన్నయ్యా" అన్నాను. "తోలుకు దారి లేకపోవడమేమిటి?" అని ఆయన నవ్వేశాడు.

ఆ దారి సంగతి అర్థమైతే మిగతా పనంతా అర్థమైనట్టే. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండేది రంగు పూత వేసిన లెదర్. తోలుమీద రంగు పొర, ఆ రంగును కాపాడటానికి పైన పాలీయురేథేన్‌తో చేసిన పలుచని పారదర్శక పొర ఉంటాయి. మన చేతికి తగిలేది ఆ పై పొరే. మురికి పట్టేదీ, అరిగేదీ, చివరికి పగిలేదీ కూడా ముందుగా అదే. పూత లేకుండా అద్దకం మాత్రమే చేసిన లెదర్ కూడా ఉంది, దాన్ని అనిలిన్ అంటారు. అది ఖరీదైన కార్లలో అరుదుగా కనిపిస్తుంది, నీళ్లు పడితే పీల్చుకుంటుంది, మరక పడితే వదలదు. ఏది ఎలాంటిదో తెలుసుకోవడానికి నీటిచుక్క పరీక్ష ఉంది. చుక్క పైనే నిలబడితే పూత ఉన్నట్టు. ఇంకిపోయి ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే పూత లేనట్టు, లేదా ఉన్నది అరిగిపోయినట్టు. అయితే జిడ్డు కూడా నీటిని నిలబెడుతుంది. అందుకే ఎవరికీ కనిపించని మూలలో కొంచెం మేర శుభ్రం చేసి, ఆరాక చుక్క వేశాను. నిలబడింది. పూత ఉన్న లెదర్ అని తేలింది.

సీటంతా లెదరేనా అన్నది ఇంకో ప్రశ్న. లెదర్ సీట్లు అని అమ్మే చాలా కార్లలో మన ఒంటికి ఆనే భాగాలు మాత్రమే తోలు. సీటు పక్కలు, వీపు వెనక వైపు, డోరు ప్యాడ్లు రెగ్జిన్‌తో చేస్తారు. మా కారు మాన్యువల్లో ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంది. శుభ్రం చేయడం రెండింటికీ ఒకటే, కానీ శుభ్రం చేశాక చివర్లో రాసే కండిషనర్ క్రీము రెగ్జిన్‌కు రాసినా దండగే. ఇది తెలియడం వల్ల సగం పని, సగం క్రీము మిగిలాయి.

కావలసిన సామాను కొంచెమే: లెదర్ కోసమే తయారైన నీటి ఆధారిత క్లీనర్, మెత్తని కుచ్చు ఉన్న బ్రష్, తెల్లని మైక్రోఫైబర్ గుడ్డలు కొన్ని, కండిషనర్. గుడ్డలు తెల్లవే ఎందుకో ముందు ముందు చెబుతాను. బట్టల సబ్బు, ఒంటి సబ్బు పనికిరావు. తోలు స్వభావం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, సబ్బేమో క్షారం, దాని పీహెచ్ సాధారణంగా 9 నుంచి 10 దాకా ఉంటుంది. పూత పాడైన చోట, కుట్ల రంధ్రాల్లో అది లోపలి తోలుకు చేరితే మంచిది కాదు. సబ్బు జిడ్డు మిగిలిపోతే కొత్త దుమ్మును కూడా లాక్కుంటుంది. స్పిరిట్, థిన్నర్, పెట్రోలు లాంటివి మరకతోపాటు పూతనూ తీసుకుపోతాయి. గోడమీద గీతలు చెరిపే తెల్లని మెలమిన్ స్పాంజీలు అద్భుతంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి. అవి చేసేది సన్నని గరుకు కాగితం చేసే పనే, మరకతోపాటు పై పొర కూడా కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. నేను వాటిని దగ్గరకు రానివ్వలేదు.

మొదట వాక్యూమ్. ఇది విసుగు పుట్టించే పనే గానీ వదిలేయకూడదు. కుట్ల మడతల్లో ఇసుక ఉండగానే తడి బ్రష్ పెడితే ఆ ఇసుకతోనే సీటును గీరినట్టు అవుతుంది. కూర్చునే భాగం, వీపు భాగం కలిసే సందును చేత్తో విడదీసి పట్టుకుని లోపలిదాకా లాగించాను. పెన్ను మూత, జడపిన్ను, ఎవరిదో చొక్కా గుండీ, గుప్పెడు ఇసుక బయటపడ్డాయి. కింద దులపడానికి సీటును ముందుకు జరిపినప్పుడు పసుపు రంగు కనెక్టర్లతో వైర్లు కనిపించాయి. అవి ఎయిర్‌బ్యాగ్‌కు, సీటు బెల్టు బిగించే పరికరానికి సంబంధించినవి. వాటిని లాగకూడదు, తడపకూడదు.

ఇక అసలు పని. నురుగు క్లీనర్‌ను సీటుమీద చల్లకుండా బ్రష్ మీదే తీసుకున్నాను. మా సీట్ల మధ్యభాగమంతా సన్నని చిల్లులు. వాటిలోకి ద్రవం దిగితే కింద స్పాంజి తడుస్తుంది, వేడిచేసే తీగలు గానీ గాలి ఆడించే ఫ్యాన్లు గానీ ఉన్న సీట్లయితే మరీ ఇబ్బంది. అరచెయ్యి వెడల్పు చోటు తీసుకుని, ఒత్తిడి పెట్టకుండా, గుండ్రంగా తిప్పుతూ రుద్దాను. తెల్లగా వేసిన నురుగు కాసేపటికి కాఫీ రంగుకు మారింది. అది ఆరేలోపు తుడిచేయాలి, లేకపోతే పైకి తేలిన మురికి లెదర్ గీతల్లోకే మళ్లీ దిగిపోతుంది. తుడిచాక పక్కనున్న చోటుతో పోల్చి చూస్తే సరిహద్దు గీసినట్టు తేడా తెలిసింది. ఒకవైపు మట్టిరంగు మెరుపు, రెండోవైపు మెరుపే లేని గోధుమ రంగు, ఒక్కో గీత విడివిడిగా కనిపించే చర్మపు గళ్లు. ఒకేసారి గట్టిగా రుద్దేకంటే మెత్తగా మళ్లీ మళ్లీ చేయడమే నయం. నురుగు తెల్లగానే ఉండిపోయేదాకా తిరిగి వేస్తూ వెళ్లాను.

ఎక్కువ సమయం తీసుకుంది డ్రైవర్ సీటుకు డోరు వైపున ఎత్తుగా ఉండే అంచు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ప్రతిసారీ ఒంటి బరువంతా దానిమీదుగా జారుతుంది. అక్కడ మురికితోపాటు నీలిరంగు కూడా ఉంది, జీన్సు నుంచి అంటిన అద్దకం. తెల్ల గుడ్డ ఉపయోగం ఇక్కడ తెలిసింది. గుడ్డకు మట్టిరంగు అంటితే అది మురికి, నీలం అంటితే జీన్సు రంగు, రెండూ మంచివే. గోధుమ రంగు అంటిందంటే మాత్రం సీటు సొంత రంగే ఊడివస్తోందని అర్థం. అంచు కొసన, రూపాయి నాణెమంత చోట నా గుడ్డకు లేత గోధుమ ఛాయ తగలగానే చెయ్యి ఆపేశాను. అక్కడ పై పొర ముందే అరిగిపోయి ఉంది. శుభ్రమైన తర్వాత ఆ చోట నీటిచుక్క వేస్తే నెమ్మదిగా ఇంకి ముదురుగా మారింది, దానికి వేలెడు దూరంలో వేసిన చుక్క ముత్యంలా నిలబడే ఉంది. ఒకే సీటు, రెండు రకాల లెదర్.

నీలిరంగు పూర్తిగా పోలేదు. చాలావరకు తగ్గింది, ఎదురెండలో చూస్తే తప్ప తెలియనంతగా. పాతబడిన అద్దకం పూతలోకే దిగిపోతుంది. దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబడితే పూతనే తీయాలి. అక్కడితో సరిపెట్టుకోవడమే తెలివి అనిపించింది.

చిల్లుల్లో ఇరుక్కున్న నురుగు ఆరి తెల్లని చుక్కల్లా కనిపించింది. పొడి బ్రష్‌తో ఆడించి వాక్యూమ్ పెడితే చాలావరకు వచ్చింది, మిగిలినవాటిని చెక్క టూత్‌పిక్ కొసతో ఒక్కొక్కటే తీశాను. ఇది సహనం ఉన్నవాళ్ల పని. నాకు సగంలోనే అది అయిపోయింది, మిగతా సగం మొండితనంతో చేశాను.

స్టీరింగ్ గురించి ఒక మాట. సీట్లకంటే మురికి దానిమీదే ఎక్కువ. చేతి జిడ్డుకు తోడు 2020 నుంచి శానిటైజర్ కూడా చేరింది. అందులోని ఆల్కహాల్ ఆరకముందే స్టీరింగ్ పట్టుకుంటే పూత మెత్తబడి జిగటగా తయారవుతుంది. చేతులు ఆరాకే స్టీరింగ్ పట్టుకోండి.

తుడిచాక డోర్లు తీసి నీడలో ఆరనిచ్చాను. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం లెదర్‌కు మంచివి కావు.

కండిషనర్ దగ్గరికి వస్తే అందరూ పెద్దపెద్ద మాటలు చెబుతారు. తోలు దాహం తీరుస్తుందని, పోషణ ఇస్తుందని డబ్బామీద కూడా రాసి ఉంటుంది. తోలుకు మెత్తదనం ఇచ్చే కొవ్వు పదార్థాలను చర్మాన్ని తోలుగా పదును చేసే చోటే, పూత వేయడానికి ముందే పట్టిస్తారు. పైన పూత పడ్డాక మనం రాసేది లోపలికి వెళ్లేది చాలా తక్కువ. మరి రాయడం దేనికి? పూతకు, బట్టకు మధ్య రాపిడి తగ్గుతుంది, జీన్సు రంగు అంత తొందరగా అంటదు, తర్వాత తుడవడం తేలికవుతుంది. పూత అరిగిన చోట మాత్రం నిజంగానే కొంత లోపలికి పోతుంది. నా లెక్క ప్రకారం సీటు బాగుపడటంలో ఎక్కువ వాటా శుభ్రం చేయడానిదే, క్రీముది కొసరు. జనం మాత్రం మొదటిది వదిలేసి రెండోది చేస్తారు. మురికి మీద క్రీము రాస్తే మురికికే పోషణ.

చిటికెన వేలి గోరంత క్రీమును గుడ్డకు తీసుకుని, ఒక్కో భాగానికి పలుచగా పూశాను. చిల్లులున్న మధ్యభాగంలో ఇంకా తక్కువ. డబ్బామీద చెప్పినంతసేపు ఉంచి పొడి గుడ్డతో తుడిచేశాను. తుడిచాక చెయ్యి పెడితే పొడిగా ఉండాలి. జారుతున్నా, అంటుకుంటున్నా ఎక్కువ రాసినట్టే. అన్నయ్య చెప్పిన వంటింటి నూనెలతో ఇబ్బంది ఇదే. పూతమీద ఇంకకుండా నిలిచిపోతాయి, దుమ్మును పట్టుకుంటాయి, కొన్నాళ్లకు ముక్కిపోయి వాసన వేస్తాయి. బూట్లకు, గుర్రపు జీనులకు వాడే నూనెలు, కొవ్వులు కూడా కారు సీట్లకు సరిపడవు. తళతళ మెరిపించే సిలికాన్ స్ప్రేలు కొడితే సీటుమీద కూర్చున్న మనిషి జారుతుంటాడు. పైగా రేపు ఎప్పుడైనా మళ్లీ రంగు వేయించాలంటే ఆ సిలికాన్ వల్ల రంగు సరిగ్గా పట్టదు.

ఏ క్రీమూ చేయలేని పని ఒకటుంది. పగుళ్లను పూడ్చడం. వెనక సీటు అంచున రెండు సన్నని చీలికలు ఉన్నాయి. శుభ్రం చేశాక అవి ఇంకా స్పష్టంగా కనిపించాయి, ఇంతకాలం మురికి వాటిని కప్పి ఉంచింది మరి. పగిలింది పూత కాబట్టి దానికి సాగే గుణమున్న ఫిల్లర్ పెట్టి, రంగు కలిపి మళ్లీ పూత వేయాల్సిందే. రంగు సరిగ్గా కలపడం నా చేతిలో పని కాదు. డ్రైవర్ సీటు అంచున అరిగిన చోటుతో కలిపి రెండూ ఒకేసారి పనివాళ్లకు అప్పగించాలనుకుంటున్నాను.

పని పూర్తయ్యాక అన్నయ్య వచ్చి చూశాడు. "రంగు బాగుంది గానీ మెరుపేదిరా?" అన్నాడు. "తుడిచేశాను" అన్నాను. చెయ్యి వేసి రెండుసార్లు రాసి చూశాడు గానీ నూనె మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు వారానికోసారి తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెడుతున్నాను. ఈ చిన్న పని వల్ల పెద్ద పని ఆలస్యంగా వస్తుంది. డ్రైవర్ సీటును కొన్ని నెలలకోసారి క్లీనర్‌తో తుడిస్తే చాలు, వెనక సీటుకు అంత అవసరం రాదు. కారు వీలైనంత వరకు నీడలోనే ఆపుతున్నాను. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో ఉంటుంది కాబట్టి అతినీలలోహిత కిరణాలను చాలామటుకు ఆపుతుంది, పక్క అద్దాలు మామూలుగా అంతగా ఆపవు. డోరు వైపున్న అంచులే ముందు వెలిసిపోవడానికి ఇదీ ఒక కారణం. కొత్త జీన్సు ఒకటిరెండు ఉతుకులు పడేదాకా సీటుమీద దుప్పటి పరుస్తున్నాను. దిగేటప్పుడు ఆ అంచుమీద జారకుండా, ముందు కాలు కింద పెట్టి, ఒళ్లు పైకి లేపి దిగడం అలవాటు చేసుకుంటున్నాను. పూత వేయించేదాకా ఆ అరిగిన చోటు పెరగకుండా ఉంటే చాలు.