ఐదు వాట్ల ఆంప్లిఫయరూ, పాత ఫిలిప్స్ స్పీకర్లూ

ట్రాన్సిస్టర్లకు బదులు పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయర్ మాట ఎత్తగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "అందులో ఏ కంపెనీ వాల్వులు వేశారు?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదట అడగవలసింది దానికి ఏ స్పీకర్లు తగిలించారని, రెండోది వాల్వుకూ స్పీకర్‌కూ నడుమ ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు ఎట్లా చుట్టారని. నల్లగొండలో మా ముందుగదిలో కొంతకాలంగా పాడుతున్న ఈ సెట్టును పూర్తిగా చేతితో కట్టుకున్నాక, వాల్వులు మార్చి మార్చి విన్నాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

సర్క్యూట్‌లో గొప్ప సంగతేమీ లేదు. ఒక్కో ఛానెల్‌కు ఒక్కో ఈఎల్ 84 పవర్ వాల్వు, వచ్చిన చిన్న సంకేతాన్ని ముందుగా పెంచడానికి రెండు ఛానెళ్లకూ చెరి సగం పంచుకున్న ఒక ఈసీసీ 83, ఏసీని డీసీగా మార్చడానికి ఒక ఈజెడ్ 81, మొత్తం నాలుగే వాల్వులు. ఈఎల్ 84 ప్లేటు మీద 250 వోల్టులు, దాని గుండా 48 మిల్లీ ఆంపియర్లు నడిపితే అది తన పరిమితి అయిన 12 వాట్ల వేడిని వదులుతూ మనకు ఐదు వాట్లకు కొంచెం పైన ధ్వనిని ఇస్తుంది. 1950లలో ఇంగ్లండులోని ముల్లార్డ్ కంపెనీ ఇళ్లలో కట్టుకునేవారి కోసం ప్రకటించిన '3-3' అనే నమూనా, అంటే మూడు వాల్వులతో మూడు వాట్లు, ఈ జాతిదే. అందులో కూడా ఈఎల్ 84 ఉంది. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు తయారుచేసిన కాలం ఒకటుండేది కనుక, పాత రేడియో మెకానిక్కుల అలమరల్లో అట్టపెట్టె కూడా విప్పని సరుకు అప్పుడప్పుడు ఇప్పటికీ కనిపిస్తుంది. నా సెట్టులో ఉన్నవి అటువంటివే. స్లొవేకియాలో తయారైన కొత్తవాటిని కూడా వేసి విన్నాను. తేడా ఉంది, కానీ దాని కోసం వేలకు వేలు పోయవలసినంత తేడా మాత్రం కాదు.

ఐదు వాట్లంటే నవ్వేవాళ్లున్నారు, బజారులో అమ్మే పెట్టెల మీద వందల వాట్లు రాసి ఉంటాయి కనుక. అసలు లెక్క స్పీకర్ దగ్గర ఉంది. ఇప్పటి చిన్న స్పీకర్లు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 84 నుంచి 87 డెసిబెళ్ల దాకా పలుకుతాయి. రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఉండే పాత రేడియోగ్రాముల్లోని ఎనిమిది అంగుళాల కాగితపు కోన్ స్పీకర్లు చాలావరకు 92 దాటి, మంచివైతే 95 దాకా వెళతాయి. ప్రతి మూడు డెసిబెళ్లకు పవర్ రెట్టింపు కావాలి. 86కూ 95కూ మధ్య ఉన్న తొమ్మిది డెసిబెళ్లంటే ఎనిమిది రెట్లు. పాత స్పీకర్ మీద నా ఐదు వాట్లు చేసే పని కొత్త స్పీకర్ మీద చేయడానికి నలభై వాట్లు కావాలన్నమాట. వాల్వు ఆంప్లిఫయర్ కొనుక్కుని, దాన్ని కొత్తరకం బరువైన స్పీకర్లకు తగిలించి, పాటకు ఊపిరి ఆడడం లేదని నిరాశపడేవారికి నేను చెప్పేది ఇదొక్కటే.

నా దగ్గరున్నవి ఫిలిప్స్ ఎనిమిది అంగుళాలవి. పెద్ద కోన్ నడుమ పైస్థాయి స్వరాల కోసం మరో చిన్న కాగితపు కోన్, వెనుక అల్నికో అయస్కాంతం ఉంటాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఇటువంటివి ఇప్పటికీ దొరుకుతాయి. అయితే కొనేముందు మల్టీమీటరు పెట్టి చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. ఎనిమిది ఓముల స్పీకరైతే మీటరు ఆరేడు ఓములు చూపాలి. ఒక దశలో ఫిలిప్స్ వారు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే లేని రేడియోల కోసం 800 ఓముల స్పీకర్లు చేశారు. చూడడానికి అచ్చం అవే, కానీ మామూలు ఆంప్లిఫయర్‌కు పనికిరావు. తర్వాత కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమంగా పట్టి నెమ్మదిగా లోపలికి నొక్కి వదలాలి. గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్ పక్కకు జరిగిందని అర్థం, దాన్ని అక్కడే వదిలేయడం మేలు. అంచు దగ్గర చిన్న చిరుగులుంటే భయం లేదు. పలుచని టిష్యూ కాగితం, నీళ్లు కలిపిన ఫెవికాల్ చాలు. కాగితపు అంచు స్పీకర్లు యాభై అరవై ఏళ్లు నిలుస్తాయి గాని, తర్వాత వచ్చిన ఫోమ్ అంచువి పదిహేను ఇరవై ఏళ్లకే ముట్టుకుంటే పొడి రాలతాయి.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. వాల్వుకు 5,200 ఓముల భారం కావాలి, స్పీకరేమో ఎనిమిది ఓములు. ఈ రెంటి నిష్పత్తి 650, దాని వర్గమూలం 25.5, అంటే స్పీకర్ వైపు చుట్ట అయిన సెకండరీలో వంద చుట్లుంటే వాల్వు వైపు చుట్ట అయిన ప్రైమరీలో 2,550 ఉండాలి. బోర్లు లేని పల్లె లేని ఈ జిల్లాలో మోటార్ వైండింగ్ షాపులకు కొదవ లేదు. దేవరకొండ రోడ్డులో ఒక కుర్రవాడు స్టెబిలైజర్ల ట్రాన్స్‌ఫార్మర్లు కూడా చుడతాడని తెలిసి కాగితం మీద లెక్క రాసుకుని వెళ్లాను. ప్రైమరీని 850 చుట్ల చొప్పున మూడు పొరలుగా విడగొట్టి, వాటి నడుమ రెండు సందుల్లో సెకండరీని యాభై యాభై చుట్లుగా పెట్టాలన్నప్పుడు అతను మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అట్లా పొరలు కలపకపోతే రెండు చుట్టలకూ మధ్య జారిపోయే అయస్కాంత ప్రవాహం ఎక్కువై, వీణ మీటు మొద్దుబారుతుంది. పేచీ వచ్చింది కోర్ దగ్గర.

"సార్, గీ కోర్ల నడుమ కాయితమేంది? మేం స్టాంపింగులు ఒకటి అటు, ఒకటి ఇటు ఏసి దగ్గరగ కొడ్తం. సందు ఉంటే గుర్రుమంటది గద!"

"తమ్మీ, స్టెబిలైజర్ల ఏసీ ఒక్కటే పోతది. దీంట్ల వాల్వు కరెంటు ఎప్పటికీ ఒక్క దిక్కుకే పోతది. సందు లేకపోతే ఇనుము ఆ కరెంటుతోనే నిండిపోతది, పాటకు జాగ ఉండది."

అతనికి నమ్మకం కుదరకపోయినా చేశాడు. కోర్‌లోని ఇంగ్లీషు 'E' ఆకారపు రేకులన్నీ ఒక వైపు, 'I' ఆకారపు రేకులన్నీ ఇంకో వైపు పేర్చి, నడుమ నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒక్క పొర పెట్టి బిగించాడు. ఆ కాగితం మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు, ప్రవాహం సందును రెండుసార్లు దాటుతుంది కనుక మొత్తం 0.2 అవుతుంది, నాకు కావలసిందీ అంతే. తర్వాత ప్రైమరీకి నేరుగా 230 వోల్టుల ఏసీ ఇచ్చి సెకండరీ చూస్తే మొదటి దానిలో తొమ్మిది వోల్టులు, రెండోదానిలోనూ తొమ్మిది. జత సరిపోయిందని అతనే ముందు అన్నాడు. వార్నిష్‌లో ముంచి ఎండబెట్టడం మోటార్లకు చేసినట్టే.

అల్యూమినియం రేకు మీద వీటిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది కంటికి బాగుండడాన్ని బట్టి నిర్ణయించేది కాదు. ఇన్ని డెసిబెళ్ల స్పీకర్ గుర్రుమనే చిన్న చప్పుడును కూడా దాచదు. అందుకే రంధ్రాలు వేయకముందే, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రమే కరెంటు ఇచ్చి, ఎక్కడా కలపని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, రేకు మీద దాన్ని అటూ ఇటూ తిప్పుతూ వినాలి. ఒక కోణంలో 50 హెర్ట్జ్‌ల గుర్రు స్పష్టంగా ఉంటుంది, రెండు కోర్లూ లంబంగా వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. అక్కడే పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. వాల్వును లోపలినుంచి వేడిచేసే ఫిలమెంటుకు వెళ్లే తీగలు రెంటినీ గట్టిగా మెలిపెట్టి రేకు మూలల వెంట నడిపించడం, వాటిని రెండు 100 ఓముల రెసిస్టర్లతో ఎర్త్‌కు కట్టడం మిగతా గుర్రును అణిచాయి. ఇప్పుడు స్పీకర్‌కు చెవి ఆనిస్తేనే వినబడుతుంది.

ఈ పని మొదలుపెట్టాలనుకునేవారు ఒక్క విషయంలో పట్టుదలగా ఉండాలి. లోపల ఉండేది 300 వోల్టుల డీసీ. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా అది కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. లక్ష ఓముల రెసిస్టర్ ఒకటి వాటికి అడ్డంగా శాశ్వతంగా ఉంచితే ఒక నిమిషంలో ఖాళీ అవుతాయి. అయినా మీటరు పెట్టి సున్నా చూశాకే చేయి పెట్టాలి, అదీ ఒక్క చేయే. ఈజెడ్ 81 తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్లు దాటకూడదన్నది కూడా మరవరాదు, దాటితే ఆ వాల్వు ఆయుష్షు తగ్గుతుంది.

మా ఊళ్లో వాల్వులకు అసలు శత్రువు వోల్టేజి. వేసవి రాత్రుల్లో వీధిలో ఏసీలన్నీ నడిచేవేళ మా ఇంట్లో అది 200 దగ్గరికి దిగుతుంది, తెల్లవారుజామున 245 దాటుతుంది. 6.3 వోల్టులతో వెలగవలసిన ఫిలమెంటుకు రాత్రి ఐదున్నరే అందుతుంది, తెల్లవారుజామున 6.7 అందుతుంది; వాల్వు తట్టుకునే హద్దు అటూ ఇటూ పది శాతం. స్టెబిలైజర్ లేకుండా ఇది నడపరాదు. వేడి సంగతి కూడా చెప్పాలి. గోడ నుంచి యాభై వాట్లకు పైగా తీసుకుని, ఎంత గట్టిగా పాడించినా రెండు ఛానెళ్లకూ కలిపి పదే ఇచ్చే యంత్రం మిగతాదంతా గదిలోకే వదులుతుంది. మే నెలలో నల్లగొండ ఎండకు దాన్ని కూడా కలుపుకునే ఓపిక నాకు లేదు. ఆ నెల ఎక్కువగా అది గుడ్డ కప్పుకుని ఉంటుంది.

వినడం సంగతికి వస్తే, ఇది ఉన్నదున్నట్టు వినిపించే యంత్రం కాదని ముందే చెప్పాలి. ఒకే పవర్ వాల్వు ఉన్న ఈ తరహా ఆంప్లిఫయర్ తక్కువ ధ్వనిలో రెండో హార్మోనిక్‌ను కొద్దిగా కలుపుతుంది. రెండో హార్మోనిక్ అంటే ఆ స్వరానిదే పైస్థాయి. షడ్జం పాడితే తారషడ్జం లీలగా తోడైనట్టు. చెవికి అది దోషంగా తోచదు, నిండుతనంగా తోస్తుంది. ఘంటసాల గొంతులోని మంద్రం, ఈమని శంకరశాస్త్రి వీణలో గమకం సాగి సాగి తీగ మీదే ఆగే తీరు, బేగం అఖ్తర్ గజల్‌లో గొంతు చిట్లే ఆ ఒక్క క్షణం ఇందులో గదిలో మనిషి ఉన్నంత దగ్గరగా వస్తాయి. దీనికి వాల్వును మాత్రమే పొగడడం అన్యాయం. గొంతు పలికే స్వరాలన్నిటినీ ఒకే కోన్ పలికిస్తోంది, మధ్యలో స్వరాలను వేర్వేరు స్పీకర్లకు పంచే క్రాసోవర్ లేదు. పైగా ఆ స్పీకర్లను గీసిన రోజుల్లో ఆంప్లిఫయర్లకు కోన్‌ను గట్టిగా పట్టి ఆపే శక్తి తక్కువ కనుక, కోన్ తనంతట తాను ఆగేటట్టుగా బిగువైన అంచుతో చేశారు. ఇప్పటి స్పీకర్లు ఆ పనిని ఆంప్లిఫయర్‌కు వదిలేస్తాయి.

అయితే 80 హెర్ట్జ్‌ల కింద వీటి దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పిల్లలు సెలవులకు వచ్చి కొత్త సినిమా పాట పెట్టమంటే డ్రమ్ములు పెట్టె లోపలే తట్టి ఊరుకున్నట్టు ఉంటుంది. వాళ్ల కోసం టీవీ కింద వేరే సెట్టు ఉంది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

మిర్యాలగూడలో ఒక మిత్రుడు ఇదంతా విని తనకూ ఒకటి కావాలన్నాడు. ఆయన దగ్గరున్న పాత స్పీకర్లు నాలుగు ఓములవి. అందుకని ఈసారి సెకండరీ రెండో పొరలో 21వ చుట్టు దగ్గర, అంటే మొత్తం మీద 71వ చుట్టు దగ్గర, ఒక తీగ బయటికి తీయమని వైండింగ్ కుర్రవాడికి చెప్పి వచ్చాను. కాగితం పెట్టాలా అని అతను ఈసారి అడగలేదు, ఎన్ని పొరలని అడిగాడు.