చెవులతో చూసేసిన సినిమాలు

సినిమాల గురించి గంటల తరబడి మాట్లాడే అలవాటున్న నేను ‘దానవీరశూరకర్ణ’ చూడలేదంటే మిత్రులు నమ్మరు. అందులోని సుయోధనుడి సంభాషణలు నాకు చాలావరకు కంఠతా వచ్చునని వారికి తెలుసు. అలా కంఠతా రావడమే చూడకపోవడానికి కారణమని నా అనుమానం.

1977 సంక్రాంతికి విడుదలైన ఆ చిత్రాన్ని ఎన్.టి.రామారావు తానే నిర్మించి, దర్శకత్వం వహించి, కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు అనే మూడు పాత్రలనూ తానే ధరించారు. నిడివి దాదాపు నాలుగు గంటలు. అయితే మా ఊళ్లోని పిల్లలకు అది తెరమీద కంటే ముందు మైకుసెట్టులో పరిచయమైంది. పెళ్లి పందిట్లోనైనా, శ్రీరామనవమి చలువ పందిట్లోనైనా పాటలు ఒక విడత పూర్తికాగానే సంభాషణల క్యాసెట్టు మొదలయ్యేది. కొండవీటి వెంకటకవి రాసిన ఆ పొడుగాటి సమాసాలకు అర్థం తెలియకపోయినా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ‘ఏమంటివి’ అన్న మాటను రెండోసారి ఎంత సాగదీయాలో మాకందరికీ తెలుసు. అదే సంక్రాంతికి వచ్చిన కృష్ణ చిత్రం ‘కురుక్షేత్రం’ మాటలను మాకెవరూ అలా వినిపించలేదు. అందుకేనేమో, దాన్ని మాత్రం మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చూశాను.

ఈమధ్య ఒక విషయం తట్టింది. కర్ణుడి కులాన్ని ప్రశ్నించిన ఆచార్యుణ్ణి సుయోధనుడు నిలదీసే ఘట్టంలో, అంత ధాటిగా మాట్లాడుతున్నదీ రామారావుగారే, ఆ పక్కన అవమానంతో మాటరాక నిలబడి వింటున్నదీ రామారావుగారే. నేను విన్నది ఆ నటనలో సగమే. కర్ణుడు అప్పుడు తల దించుకున్నాడా, సుయోధనుడి వంక చూశాడా, అంగరాజ్యం ఇస్తానన్న మాట చెవిన పడ్డప్పుడు ఆ ముఖం ఎలా మారింది అన్నవి క్యాసెట్టులోకి ఎక్కేవి కావు.

ఆ లెక్కన చూస్తే, నేను చూడకుండా వదిలేసిన ఇతర ప్రసిద్ధ చిత్రాల్లోనూ నాకు దక్కనిది మౌనమే. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ పాటలన్నీ సాహిత్యంతో సహా పాడుకోగలను, బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ పురస్కారం తెచ్చిన పాట ఏదో కూడా చెప్పగలను. కానీ శంకరశాస్త్రికీ తులసికీ మధ్య మాటలు బహు తక్కువని, మంజుభార్గవి కళ్లతోనే ఆ పాత్రను మోసిందని పెద్దలు చెప్పగా విన్నదే తప్ప, నేనెరిగింది కాదు. ఒక నాట్యకారిణిని పాటల ద్వారా మాత్రమే తెలుసుకోవడం ఎంత విడ్డూరమో ఇది రాస్తున్నప్పుడు మరింత స్పష్టంగా కనిపిస్తోంది.

‘శివ’ సంగతి దీనికి భిన్నం. సైకిల్ చైను లాగే ఘట్టాన్ని ఫోనులో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ తర్వాత ఏమవుతుందో చూడాలన్న ఆత్రుత మాత్రం ఎందుకో కలగలేదు.

‘షోలే’ మళ్లీ చెవి దారినే వచ్చింది. 1975లో విడుదలైన ఆ చిత్రం సంభాషణలను పాలిడార్ సంస్థ ప్రత్యేకంగా రికార్డులుగా అమ్మింది. హిందీ సరిగా రానివారు కూడా గబ్బర్ సింగ్‌ను అనుకరించేవారు. సాయంవేళ జయాభాదురి దీపాలు ఆర్పుతుంటే అమితాబ్ మౌతార్గాన్ వాయించే ఘట్టం గొప్పదని ఎందరో రాశారు. అది ఏ సంభాషణల రికార్డులోనూ ఇమిడేది కాదు.

కనుక ముందుగా ‘దానవీరశూరకర్ణ’ చూస్తాను, అదీ ఒక్క విరామంతోనే. ‘షోలే’కు మాత్రం ఇంకొక సాకు మిగిలింది. ఠాకూర్ చేతిలో గబ్బర్ చనిపోయేలా మొదట తీసిన ముగింపును సెన్సారు అభ్యంతరం వల్ల మార్చి, పోలీసులకు అప్పగించినట్లు చూపించారు. ఆ తొలి ముగింపు కూడా ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది కాబట్టి, ఏది ముందు చూడాలో తేల్చుకోవాలి. జనం యేళ్ల తరబడి చూసి చప్పట్లు కొట్టింది మారిన ముగింపుకే కనుక, నా మొగ్గు ప్రస్తుతానికి అటే ఉంది.