బల్ల మీద ఫోనుకి త్వరణమెంత?

ఇంటర్వ్యూ అయ్యి పదకొండు రోజులైంది. ఉద్యోగం రాలేదని నిన్న మెయిలొచ్చింది. కడుపు మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

డిగ్రీ కాలేజీలో ఆరేళ్ళుగా ఫిజిక్స్ గెస్టు లెక్చరర్ని. త్వరణం నాకెప్పుడూ కష్టమనిపించలేదు. తెలుగు మీడియం పుణ్యమా అని వడి వేరు, దిశ కూడా కలిసిన వేగం వేరు, ఆ వేగం మారే తీరే త్వరణం అని బడిలోనే మాస్టారు చెవి మెలిపెట్టి నేర్పారు. ఘాట్ రోడ్డులో బస్సు నలభై దాటకపోయినా మలుపులో దిశ మారుతుంది, అంటే వేగం మారినట్టే, అంటే త్వరణం ఉన్నట్టే. పైకి విసిరిన బంతి కొసన ఒక్క క్షణం ఆగినా త్వరణం సెకనుకి సెకనుకి 9.8 మీటర్లు, కిందికే. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఇంటర్వ్యూ ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో. ముగ్గురు కూర్చున్నారు. డెమో క్లాసు బ్రహ్మాండంగా చెప్పాను. అప్పుడు వాళ్ళలో చిన్నాయన, నాకంటే ఐదారేళ్ళు చిన్నవాడే, జేబులోంచి ఫోను తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు.

"మేడమ్, ఇందులో యాక్సిలరోమీటర్, అదే త్వరణం కొలిచే మీటరు, ఉంది. ఇప్పుడెంత చూపిస్తుంది?"

"కదలడం లేదుగా సార్, సున్నా."

తెర నావైపు తిప్పాడు. 9.79. అదీ పైకి.

అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "కాలిబ్రేషన్ సరిగ్గా లేదేమో సార్" అన్నాను. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"సరే, చేతిలోంచి వదిలేస్తే? పడుతున్నంతసేపూ?"

"అప్పుడు 9.8."

"అప్పుడు సున్నా మేడమ్."

హెచ్‌ఓడీ గారు కళ్ళజోడు తీసి, "ఎన్నేళ్ళుగా చెబుతున్నారమ్మా?" అన్నారు. ఆరేళ్ళని చెప్పేసరికి నా గొంతు నాకే వినపడలేదు. టీ తెచ్చిన కుర్రాడు నావైపు జాలిగా చూసి, కప్పు నాకే ముందిచ్చాడు. "ఎందుకలా సార్?" అని అడిగితే చిన్నాయన "ఇంటికెళ్ళి చూసుకోండి" అన్నాడు. నా అనుమానం ఇప్పటికీ ఒకటే: ఆయనకి అంకె తెలుసు, కారణం తెలీదు. తెలిసినవాడు రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేడు.

ఇంటికొచ్చి, ఫోనులోని మీటర్ల కొలతలు గీత గీసి చూపించే ఫైఫాక్స్ యాప్ వేసుకున్నాను. ఉచితమే. ఒక జాగ్రత్త: అందులో 'జీ'తో (భూమి లాగుడు వల్ల వచ్చే ఆ 9.8తో) ఒకటి, 'జీ' లేకుండా ఒకటి, రెండు కొలతలుంటాయి. 'జీ'తో ఉన్నదే తీసుకోండి, రెండోది లెక్కలో తీసివేత చేసి చూపిస్తుంది. మంచం మీద రెండు పరుపులేసి, ఫోను వదలడం మొదలుపెట్టాను. మీటరు ఎత్తునుంచి పడటానికి సుమారు 0.45 సెకను. ఆ కాసేపూ గీత సున్నాకి అతుక్కుపోయింది, పరుపు తగలగానే తాడిచెట్టంత లేచింది. పైకి ఎగరేస్తే చెయ్యి వదిలిన క్షణం నుంచే సున్నా. ఎక్కేటప్పుడూ, కొసనా, దిగేటప్పుడూ సున్నాయే. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఉద్యోగం పోతే పోయింది, ఫోనేం చేసిందే?" అన్నారు.

మూడో రోజుకి గాని ఎక్కలేదు. ఫోను లోపల సన్నటి స్ప్రింగుల మీద ఓ చిన్న సిలికాన్ ముక్క వేలాడుతుంటుంది. బల్ల ఫోను పెట్టెను పైకి నెడుతోంది, ముక్క వెనకబడి కిందికి సాగుతోంది, ఆ సాగుడే 9.79. కింద పడేటప్పుడు పెట్టె, ముక్క రెండూ కలిసే పడతాయి, సాగడానికేమీ లేదు. నేను పాఠంలో చెప్పేది దూరం, కాలం కొలిచి కట్టిన త్వరణం. ఫోనులోని మీటరు చెప్పేది ఒంటికి తగిలే త్వరణం. బస్సు బ్రేకేస్తే మనల్నెవరూ ముందుకి తొయ్యరు, సీటూ కడ్డీ మనల్ని వెనక్కి పట్టి ఆపుతాయి. ఒంటికి తెలిసేది ఆ పట్టే. 1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో కూర్చున్న ఐన్‌స్టీన్‌కి, పడుతున్నవాడికి తన బరువు తెలియదన్న ఆలోచన తట్టిందంటే ఇదే. దాన్నే తన జీవితంలోకెల్లా సంతోషకరమైన ఆలోచన అన్నాడాయన. నాకేమో ఇంటర్వ్యూలో తగలడి చచ్చింది.

ఇది పట్టుబడ్డాక ఐన్‌స్టీన్ సాపేక్షత మంచినీళ్ళలా దిగింది. గొప్పలు కావు, నిజంగానే. లోపలివాళ్ళకి ఎప్పుడూ ఒక 'జీ' తగిలేలా నడిచే రాకెట్టు లెక్క వేశాను. వాళ్ళ గడియారంలో ఏడాదికి కాంతి వేగంలో 77 శాతం, రెండేళ్ళకి దాదాపు 97, మూడేళ్ళకి 99.6. వేగంగా పోయే గడియారం మనకి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి, అప్పటికి భూమ్మీద పదేళ్ళు దాటిపోతాయి. మూడో ఏడు చివర మనం ఇక్కణ్ణుంచి కొలిస్తే ఆ రాకెట్టు త్వరణం 9.8 కాదు, సెకనుకి సెకనుకి 7 మిల్లీమీటర్లు! లోపలి మీటరు మాత్రం ఇంకా 9.8 అనే అంటుంది. కాంతిని దాటకపోవడానికి ఇంజను అలిసిపోవడం కారణం కాదు. మన కొలతా వాళ్ళ కొలతా వేరైపోతాయి, అంతే. "వేగం పెరిగితే ద్రవ్యరాశి పెరిగిపోతుంది" అని పిల్లలకి చెప్పడం కూడా మానేశాను. వెనకనుంచి నెడితే ఒకలా, పక్కనుంచి నెడితే ఇంకోలా బరువెక్కే ద్రవ్యరాశి ఏమిటి, నా మొహం!

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. త్వరణముంటే ప్రత్యేక సాపేక్షత (వేగం వల్ల కాలం, పొడవు మారే లెక్క) పనిచేయదని ఆరేళ్ళూ చెప్పాను. అబద్ధం. 1977లో యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో, 14 మీటర్ల అడ్డుకొలత వలయంలో మ్యువాన్లను (క్షణంలో విరిగిపోయే చిన్న కణాల్ని) తిప్పారు. వాటి మీద త్వరణం 'జీ'కి ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాల రెట్లు. అయినా 2.2 మైక్రోసెకన్ల ఆయుష్షు 64కి పెరిగింది, వేగం లెక్క చెప్పినంతే. త్వరణం వల్ల అదనంగా ఏమీ రాలేదు. నా దగ్గర చదివిన బ్యాచులన్నీ ఇది చదివితే క్షమించండి.

చివర్లో, సెర్న్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ చెప్పిన తాడు ప్రశ్న తగిలింది. ఒకదాని వెనక ఒకటి రెండు రాకెట్లు, మధ్య బిగుతుగా సన్నని తాడు. మన గడియారంలో రెండూ ఒకేసారి బయల్దేరి, ఒకే తీరున వేగం పెంచుకుంటాయి. మనకి వాటి మధ్య దూరం మారదు. తాడు తెగుతుందా? సెర్న్‌లో అడిగితే ఎక్కువమంది తెగదన్నారని బెల్ రాశాడు. తెగుతుంది. వేగంగా పోయే వస్తువు మన కొలతకి పొట్టవుతుంది, కాబట్టి తాడు కుదించుకోవాలి, దూరమేమో తగ్గడం లేదు. అంత పెద్దవాళ్ళే తప్పారని చదివిన రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పొద్దున లేచి, ఇంటర్వ్యూ టైము చెప్పిన ఆ చిన్నాయన నంబరుకి నా గ్రాఫు, కింద ఈ తాడు ప్రశ్న వాట్సాప్ చేశాను. "ఇంటికెళ్ళి చూసుకోండి సార్" అని కూడా పెట్టాను. రెండు నీలం టిక్కులు పడి మూడు రోజులైంది.