రాస్ప్‌బెర్రీ పై జీరో లోపల బ్లూటూత్ పెట్టుకున్నాను

నేను రోజూ రాసుకోవడానికీ, పాటలు వినడానికీ వాడే చేతి కంప్యూటర్‌లో ఉన్నది పాత రాస్ప్‌బెర్రీ పై జీరో 1.3, అంటే ఒకే చిన్న బోర్డు మీద ఉండే కంప్యూటర్. ఒక్కటే కోర్, 1 గిగాహెర్ట్జ్ వేగం, 512 ఎంబీ ర్యామ్. వైఫై లేదు, బ్లూటూత్ లేదు. ఆ రెండూ ఉన్న జీరో డబ్ల్యూ 2017లో వచ్చింది. బోర్డే మార్చేయొచ్చుగా అంటారేమో. స్క్రీనూ కీబోర్డూ దాని 40 పిన్నులకు సోల్డర్ అయిపోయి ఉన్నాయి. అవన్నీ ఊడదీసే ధైర్యం నాకు లేదు, పైగా ఈ బోర్డంటే నాకు ఇష్టం.

బ్లూటూత్ మాడ్యూల్ కోసం వెతికితే ముందుగా కనిపించేది హెచ్‌సీ-05. మైక్రోకంట్రోలర్లకు అది మంచిదే, ఈ పనికి మాత్రం కుదరదు. దానితో వచ్చే ఫర్మ్‌వేర్ (మాడ్యూల్ లోపలి సాఫ్ట్‌వేర్) బ్లూటూత్ వ్యవహారమంతా తనలోనే చూసుకుని, బయటికి ఒట్టి సీరియల్ డేటా ఇస్తుంది. లైనక్స్‌లో బ్లూటూత్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ బ్లూజెడ్. దానికి కావాల్సింది హెచ్‌సీఐలో, అంటే కంప్యూటర్‌కీ బ్లూటూత్ చిప్‌కీ మధ్య ఉండే ప్రామాణిక భాషలో, మాట్లాడే చిప్. అది లేకపోతే కీబోర్డూ కలవదు, హెడ్‌ఫోన్సూ కలవవు. కొనేముందు ఈ ఒక్క సంగతి చూసుకుంటే చాలు.

అందుకే సీఎస్‌ఆర్8510 చిప్ ఉన్న చిన్న యూఎస్‌బీ డాంగిల్ తీసుకున్నాను. లైనక్స్ కెర్నల్‌లో ముందే ఉన్న బీటీయూఎస్‌బీ డ్రైవరే దాన్ని నడుపుతుంది. ఈ చిప్‌కి నకిలీలు ఎన్ని ఉన్నాయంటే, వాటి కోసం డ్రైవర్‌లో ప్రత్యేకంగా కోడ్ రాయాల్సి వచ్చింది.

నాకు బాగా నచ్చిన పని సోల్డరింగ్. డాంగిల్ ప్లాస్టిక్ తొడుగు, లోహపు ప్లగ్ తీసేస్తే గోరంత బోర్డు మిగులుతుంది. పై జీరో వెనక వైపు చిన్న గుండ్రటి ప్యాడ్లు ఉంటాయి, పక్కన పేర్లు అచ్చేసి ఉంటాయి. పీపీ1 దగ్గర 5 వోల్టులు, పీపీ6 గ్రౌండ్, పీపీ22 డీ ప్లస్, పీపీ23 డీ మైనస్ (ఈ రెండూ యూఎస్‌బీ డేటావి). సన్నని తీగలు నాలుగు, వీలైనంత పొట్టివి. డేటా తీగలు రెండింటినీ ఒకదానికొకటి మెలితిప్పాను. ప్యాడ్ మీద ముందే కాస్త సోల్డర్ పెట్టి, అది బాగా అంటుకునేలా ఫ్లక్స్ రాసి, తీగను ఆనించి ఒక్క క్షణం వేడి తగిలిస్తే చాలు. ఎక్కువసేపు ఉంచితే ప్యాడే లేచి వచ్చేస్తుంది. యాంటెన్నా ఉన్న కొసని బ్యాటరీకి దూరంగా, కేసు అంచు వైపు తిప్పి అతికించాను. దానికి దగ్గర్లో లోహం ఉంటే సిగ్నల్ పడిపోతుంది.

ప్యాడ్లకే సోల్డర్ చేశాం కాబట్టి ఓటీజీ కేబుల్ ఉండదు, అది చేసే పనీ జరగదు: ఐడీ పిన్ గ్రౌండ్ కాదు, దాంతో యూఎస్‌బీని నడపాల్సింది తానేనని పైకి తెలియదు. కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌లో డీడబ్ల్యూసీ2 (పై యూఎస్‌బీ డ్రైవర్) ఓవర్లేని హోస్ట్ మోడ్‌లో పెట్టాను. రీబూట్ చేసి, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టగానే "కేంబ్రిడ్జ్ సిలికాన్ రేడియో" అన్న వరుస కనిపించింది. ఎంత సంతోషమేసిందో!

తర్వాతి పనంతా బ్లూజెడ్‌తో వచ్చే బ్లూటూత్‌సీటీఎల్ కమాండ్‌లోనే: పవర్ ఆన్, స్కాన్, పెయిర్, ట్రస్ట్, కనెక్ట్. ట్రస్ట్ మాత్రం మరవకండి, కీబోర్డు నిద్రలేచిన ప్రతిసారీ తనంతట తానే కలవాలంటే అదే దారి. హెడ్‌ఫోన్స్‌కి ధ్వనిని నడిపే పల్స్‌ఆడియో సాఫ్ట్‌వేర్‌కి బ్లూటూత్ మాడ్యూల్ కూడా వేసుకున్నాను. ఎస్‌బీసీ ఎన్‌కోడింగ్ (బ్లూటూత్‌లో పంపడానికి పాటను కుదించే పని) ప్రాసెసర్ మీదే పడుతుంది కాబట్టి, పాట వింటూ పెద్ద ప్యాకేజీ అప్‌డేట్లు పెట్టను. మైక్ వాడాలంటే ప్రొఫైల్ మారి పాట నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి దిగుతుంది, అందుకని దీన్ని వినడానికే ఉంచుకున్నాను.