ఆ నీడ ఏ స్తంభానిది?

తొమ్మిదో తరగతిలో లెక్కల సార్ మమ్మల్ని నల్గొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి నడిపించుకొని పోయారు. లింగం మీద పొద్దంతా ఉండే నీడను చూపించి, "ఇది ఏ స్తంభానిదిరా?" అన్నారు. నేను టక్కున ఒక స్తంభం చూపించాను. "పోయి చూసినవా? చూడకుండ ఎట్ల చెప్తవ్?" అందరూ నవ్వారు. వచ్చేటప్పుడు ఉదయసముద్రం కట్ట పొడుగునా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

చాలా ఏళ్లకు హైదరాబాద్‌లో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద ఉద్యోగం. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్ 360 వంశపు యంత్రం, అసెంబ్లర్ భాష. నాకు మాక్రోలంటే, అంటే కోడ్ రాసిపెట్టే కోడ్ అంటే, పిచ్చి పట్టింది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మాక్రో ఉండదు. అసెంబుల్ అయ్యేటప్పుడే, అంటే రాసింది యంత్ర భాషలోకి మారేటప్పుడే, ఆలోచించి, కావాల్సిన ఇన్‌స్ట్రక్షన్లు రాసిపెట్టి తప్పుకుంటుంది. ఆ ఆలోచన ఏఐఎఫ్ అనే ఆదేశంతో: షరతు నిజమైతే చుక్కతో మొదలయ్యే ఫలానా గుర్తుకు దూకుతుంది. షరతులో అడిగేవి ఆట్రిబ్యూట్లు, అంటే ఫీల్డు (డేటా ఉండే చోటు) లక్షణాలు. పేరు ముందు ఎల్, ఒక కొటేషన్ గుర్తు పెడితే ఫీల్డు పొడవు. కె పెడితే ఇచ్చిన మాటలో ఎన్ని అక్షరాలో. టి పెడితే రకం: సి అంటే అక్షరాలు, పి అంటే ప్యాక్డ్ డెసిమల్ (బైటుకు రెండేసి అంకెలు, చివర ప్లస్-మైనస్ గుర్తు), ఓ అంటే అసలేమీ ఇవ్వలేదని.

నా మాక్రో చిన్నదే. ఫీల్డు రకం పి అయితే జాప్ (అంకెను అంకెగా సర్ది పెట్టే ఇన్‌స్ట్రక్షన్), కాకపోతే ఎంవీసీ (బైట్లను ఎడమ నుంచి ఉన్నవున్నట్టు కాపీ చేసేది). కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత ఎవరో దానికి ఇచ్చిన ఫీల్డు, ప్రోగ్రామ్‌లో కింద ఇంకో మాక్రో పుట్టించేది. యంత్ర భాషలోకి మార్చే అసెంబ్లర్ ముందుకు తొంగిచూస్తుంది కానీ, ఆ చూపులో మాక్రోలను విప్పదు. రకం యు అని వచ్చింది, అంటే తెలియదని. పి కాదు కదా, నా మాక్రో ఎంవీసీ రాసేసింది.

3 బైట్ల అంకె 5 బైట్ల చోటులోకి ఎడమ నుంచి పడింది. పక్కనున్న చెత్త 2 బైట్లు వెంట వచ్చాయి, చివర ఉండాల్సిన ప్లస్-మైనస్ గుర్తు నడిమికి పోయింది. కూడబోతే ఎస్0సి7, అంటే ఇది సరైన అంకె కాదని ప్రోగ్రామ్ ఆగిపోయే ఎర్రర్. అర్ధరాత్రి బ్యాచ్ ఆగింది, ఫోన్ నాకే. ఆ టెన్షన్‌లో లిస్టింగ్ (అసెంబ్లర్ ఇచ్చే కోడ్ ప్రింటు) చూస్తుంటే పానగల్లు గుర్తొచ్చింది.

ఆ ఫీల్డు డిక్లరేషన్‌ను పైకి జరిపితే పని అయిపోయింది. అయినా మాక్రోలో ఒక లైన్ చేర్చాను: యు వస్తే ఎంనోట్ 12 (అసెంబుల్ చేసేవాళ్లకు కనిపించే పెద్ద తప్పు సందేశం), అక్కడితో ఆపు. సందేశం "పోయి చూసినవా?" అని పెడదామనుకున్నాను. చదివేది చెన్నై టీమ్, ఇంగ్లీషులోనే పెట్టాను.